కమోడ్‌కు తెల్ల సిమెంటు జాయింటా?

పాత ఫ్లాటులో బాత్రూం ఫ్లోరింగ్ తీయించి కొత్తది వేయిస్తున్నవాళ్లను పలకరించి చూడండి. టైల్స్ ఏ కంపెనీవి, గరుకువా నునుపువా, కింద ఏ కెమికల్ కొట్టించారు, గ్రౌట్ ఏ రంగు పెట్టించారు, అన్నీ ఓపిగ్గా చెబుతారు. కమోడ్ మూతికీ డ్రైనేజీ పైపుకీ మధ్య ఏ ఫిట్టింగ్ వేయిస్తున్నారని అడిగితే మాత్రం ఎక్కడైనా ఒకటే జవాబు. "దానిదేముందండీ, టైల్స్ అయిపోయాక చివర్రోజు ప్లంబర్ వచ్చి కమోడ్ కూర్చోబెట్టి, చుట్టూ తెల్ల సిమెంటు కొట్టేస్తాడు." ఇది ఇంటి యజమాని ఒక్కడి మాట కాదు. టైల్స్ మేస్త్రీ అనేదీ, కాంట్రాక్టరు అనేదీ, శానిటరీ షాపులో కౌంటర్ దగ్గర కూర్చున్నాయన అనేదీ ఇదే. అందరూ అంటున్నారు కాబట్టి నిజమే అయివుంటుందని మనమూ తలూపి ఊరుకుంటున్నాం.

ఈ మాట తప్పు. పని వరసలోనూ తప్పే, వాడే సరుకులోనూ తప్పే. కమోడ్‌ను పైపుతో కలిపే ఫిట్టింగ్ చివర్రోజు తగిలించే అలంకారం కాదు, ఫ్లోరింగ్ పనిలోనే భాగం. మొదటి టైలు పడకముందే దాని చోటు, దాని ఎత్తు, అది ఏ రకమన్నది తేలిపోవాలి. అది రబ్బరు రింగు పట్టుతో నిలిచే జాయింటు కావాలి. రేపు ఏ అవసరం వచ్చినా ఉలీ సుత్తీ పట్టకుండా విప్పడానికి వీలుండాలి. తెల్ల సిమెంటుతో అతికించి పైన నున్నగా తుడిచేసినదాన్ని నేను జాయింటు అనను.

ముందు ఆ జాయింటు ఎక్కడుంటుందో తెలుసుకుంటే సగం వాదం అక్కడే తేలిపోతుంది. కమోడ్ పింగాణీలోనే లోపల ఒక వంపు ఉంటుంది. ఫ్లష్ చేశాక కూడా ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి. కనీసం 50 మిల్లీమీటర్ల లోతున నిలవాలన్నది లెక్క. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు ఈ వంపుతో కూడిన ఫ్లష్ కమోడ్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కమోడ్ల రూపం ఎన్నిసార్లు మారినా ఆ నీళ్ల అడ్డు మాత్రం పోలేదు. డ్రైనేజీ గాలిని ఇంట్లోకి రాకుండా ఆపేది అదే. మనం మాట్లాడుతున్న జాయింటు ఆ నీళ్ల అడ్డుకు అవతల, డ్రైనేజీ వైపున ఉంటుంది. అక్కడ వెంట్రుకంత పగులు వచ్చినా చాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గాలి నీళ్లను దాటాల్సిన అవసరమే లేకుండా నేరుగా బాత్రూంలోకి వచ్చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. నేలలోని నహానీ ట్రాపులో నీళ్లున్నాయి, రోజూ ఫినాయిల్ పోసి కడుగుతున్నాం, అయినా వాసన పోవడం లేదని బాధపడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో అనుమానించాల్సింది కమోడ్ అడుగుని. ఫినాయిల్ కమోడ్ లోపల పోస్తాం. పగులు ఉన్నది బయట, సిమెంటు కింద.

అలాంటి ఒక కమోడ్‌ను లేపుతున్నప్పుడు పక్కనే కూర్చుని చూశాను. మూడో అంతస్తులో ఫ్లాటు. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. కమోడ్ అడుగు చుట్టూ వేలెడు మందాన తెల్ల సిమెంటు, ఎక్కడా చెదరలేదు. ప్లంబర్ ఉలి ఆనించి పొడిచాడు. పై పొర చిప్పల్లా లేచింది. దాని కింద బూడిదరంగు ముద్ద, ఇంకా లోపల నల్లటి తడి. ఇద్దరు పట్టి కమోడ్ పక్కకు తీశారు. పైపు మూతి టైలు మట్టానికి అంగుళం కిందికి ఉంది. హ్యాక్సా బ్లేడుతో వంకరగా కోసిన అంచు, ఒకవైపు ఎత్తు, ఇంకోవైపు పల్లం. కమోడ్ మూతి పైపులోకి దిగనే లేదు. ఆ రెండింటి మధ్య ఖాళీని సిమెంటు మాలుతో గుండ్రటి గోడలా కట్టారు. ఫ్లష్ నీళ్లు ఇన్నాళ్లూ ఆ మాలు గోడను కొట్టుకుంటూ పోయాయి. గోడ ఒక పక్క అరిగి వేలు దూరేంత సందు పడింది. ఆ సందు కింద, బాత్రూం నేల కింది గుంతలో, అంటే సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలు కనిపిస్తున్నాయి. ప్లంబర్ ఒక ముక్క బయటికి తీసి కింద పెట్టాడు. పెట్టినచోట టైలు మీద నీళ్లు మడుగు కట్టాయి.

ఆ ఇంటివాళ్లు అంతకుముందే టైల్స్ సందుల్లో కెమికల్ పోయించారు. గోడలకు వాటర్‌ప్రూఫ్ రంగులు వేయించారు. కింది ఇంటివాళ్లు తమ సీలింగ్‌కు మళ్లీ మళ్లీ సున్నం కొట్టించుకున్నారు. కమోడ్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు, ఎందుకంటే దాని చుట్టూ సిమెంటు చెక్కుచెదరలేదు.

సంకెన్ సంగతి కాస్త చెప్పాలి, ఈ మోసమంతా దాని వల్లే దాగుతోంది. మన అపార్టుమెంట్లలో చాలాచోట్ల బాత్రూం స్లాబును మిగతా గదుల కంటే అడుగు దాకా దించి పోస్తారు. ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలో రద్దో నింపి, పైన మాలు వేసి టైల్స్ పరుస్తారు. కమోడ్ జాయింటు దగ్గర కారిన నీరు ముందు ఆ గుంతలోకే దిగి అక్కడే నిలుస్తుంది. అది నిండి, కాంక్రీటులోకి ఇంకి, కింది ఇంటి సీలింగ్ మీద మరకగా తేలేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా స్లాబులోని ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పని జరిగిన రోజుకీ మరక కనిపించిన రోజుకీ మధ్య ఇంత ఎడం ఉండబట్టే, "మేం చేసినప్పుడు బాగానే ఉంది కదా" అనే మాట ధైర్యంగా అనగలుగుతున్నారు.

ఇక తెల్ల సిమెంటును సమర్థించేవాళ్ల వాదాలకు వద్దాం. అన్నిటికంటే బలంగా వినిపించేది పాతకాలం వాదం: మా తాతల నాటి దొడ్లు సిమెంటుతో కట్టినవే, యాభై ఏళ్లు చెక్కుచెదరలేదు, ఇప్పుడీ రబ్బర్లు ఎందుకని. ఆ దొడ్లు నిలిచిన మాట నిజమే. ఎందుకు నిలిచాయో చూడాలి కదా. అప్పట్లో ఉన్నది నేలలో పూడ్చిపెట్టే పాను, దాని కింద పింగాణీ ట్రాపు, ఆపైన మట్టితో కాల్చిన స్టోన్‌వేర్ గొట్టం. ఆ గొట్టాల జాయింట్లలో పురికొస కుక్కి సిమెంటు మాలు పట్టించేవారు. గరుకుగా ఉండే ఆ సాకెట్‌ను మాలు పట్టుకునేది. గొట్టమూ మాలూ ఎండకు వానకు ఇంచుమించు ఒకేలా సాగి ఒకేలా ముడుచుకునేవి. పాను చుట్టూ నేలంతా కాంక్రీటే కాబట్టి కదలిక లేదు. అన్నిటికీ మించి ఆ దొడ్డి నేల మీద ఉండేది. ఒకవేళ కాస్త కారినా మట్టిలోకి ఇంకిపోయేది, కింద సీలింగ్ లేదు, పొరుగువాడు లేడు. ఎవరూ చూడని లీకును లీకు లేకపోవడంగా ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు మన గొట్టం పీవీసీ. 110 మిల్లీమీటర్ల పైపు, మనం నాలుగంగుళాల పైపు అనేది అదే. వేడికి అది సిమెంటు కంటే కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది, పింగాణీ కంటే ఇంకా ఎక్కువ. దాని ఒళ్లు నునుపు, సిమెంటుకు పట్టు దొరకదు. ఈ సంగతి మన ప్లంబర్లకు బాగా తెలుసు. స్లాబులో పూడ్చే పైపు ముక్క మీద సొల్యూషన్ రాసి, అది ఆరకముందే ఇసుక చల్లి గరుకు చేసేది అందుకే. అలా చేస్తే తప్ప కాంక్రీటు పైపును పట్టుకోదని తెలిసిన చేతులే, కమోడ్ దగ్గరికి వచ్చేసరికి నున్నటి పీవీసీకీ గాజుపూత పింగాణీకీ మధ్య సిమెంటు పెట్టి అతుక్కుందని అంటున్నాయి. పైగా కమోడ్ మీద మనిషి కూర్చుంటాడు, లేస్తాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దాన్నే పట్టుకుని ఒరిగి లేస్తారు. సిమెంటుకు సాగే గుణం లేదు, ప్రతి ఒరుగుకూ అది కొంచెం కొంచెంగా చిట్లుతుంది. అది ఆరేటప్పుడూ తడిసేటప్పుడూ వచ్చే ఒత్తిడికి కమోడే పగలొచ్చు. కమోడ్‌ను సిమెంటుతో అతికించవద్దని అనేక కంపెనీలు తమ ఫిట్టింగ్ కాగితాల మీద అచ్చువేసేది ఇందుకే. ఆ కాగితం అట్టపెట్టెతోపాటు పాతసామానులోకి పోతోంది.

టైలు మీద టైలు వేసేవాళ్ల విషయంలో ఈ తప్పు రెట్టింపవుతుంది. పగలగొట్టే పని లేదు, దుమ్ము లేదు, రెండు రోజుల్లో అయిపోతుందని చెప్పి ఇప్పుడు ఈ పద్ధతి బాగా నడుస్తోంది. పాత టైలు గట్టిగా ఉంటే ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆ తర్వాత అనే మాటని: "కమోడ్ పైపును కదపక్కర్లేదు." కదపక తప్పదు. కొత్త టైలు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, కింద గమ్ము ఇంకో మూడు నాలుగు. వాటం సరిచేయాల్సి వస్తే ఇంకాస్త. అంటే నేల ఇంచుమించు అర అంగుళం, ఒక్కోచోట అంతకు మించి లేచింది. నేలతోపాటు కమోడ్ లేస్తుంది. స్లాబులో ఉన్న పైపు మాత్రం పాత మట్టంలోనే ఉంటుంది. నేలలోకి దిగే ఎస్ ట్రాపు కమోడ్ అయితే దాని మూతికీ పైపుకీ మధ్య కొత్తగా ఆ మేరకు ఖాళీ పుట్టింది. గోడలోకి వెళ్లే పీ ట్రాపు అయితే ఇంకా చిక్కు. పూర్తయిన నేల నుంచి ఇంచుమించు 180 మిల్లీమీటర్ల ఎత్తున గోడ రంధ్రం మధ్యగీత ఉండేలా ఆ కమోడ్లు తయారవుతాయి. నేల లేచింది, గోడలో రంధ్రం లేవలేదు. మూతి ఒక ఎత్తున, పైపు ఒక ఎత్తున ఉంటాయి. అప్పుడు ప్లంబర్ చేతిలో మిగిలేది సిమెంటు ముద్ద ఒక్కటే. పై అంచు దగ్గర ఏర్పడే మెట్టుకు ప్రతి ఫ్లష్‌లోనూ మురుగు తగులుతుంది.

గోడ టైల్స్ సంగతి ఇంతకంటే తక్కువమందికి తడుతుంది. ఎస్ ట్రాపు కమోడ్లకు గోడ నుంచి పైపు మధ్యకు ఎంత దూరం ఉండాలన్నది కొలత ప్రకారం ఉంటుంది. 300 మిల్లీమీటర్లది ఒక రకం, 220 చుట్టుపక్కలది ఒక రకం, 100ది ఇంకో రకం. ఈ దూరాన్ని కొలవాల్సింది ఇటుక గోడ నుంచి కాదు, పూర్తయిన టైలు ముఖం నుంచి. గోడకు పాత టైలు మీద కొత్త టైలు వేస్తే ఆ దూరం అంత మేరా తగ్గిపోతుంది. కమోడ్ ట్యాంకు గోడకు తగిలి వెనక్కి జరగదు. మూతి పైపు మీదికి రాకుండా పక్కకు నిలుస్తుంది. పైకి కనపడేది బ్రహ్మాండమైన బాత్రూం. కింద పైపు మూతి కొంత మేర మూసుకుపోయి ఉంటుంది.

అందుకే వరస మారాలి అంటున్నాను. కమోడ్‌ను టైల్స్ కంటే ముందే కొనాలి, కనీసం దాని కొలతల కాగితమైనా చేతిలో ఉండాలి. పైపు చుట్టూ స్లాబు రంధ్రంలో కుంచించని గ్రౌట్ నింపాలి. సిమెంటు సరుకుకు చోటు అక్కడే, కమోడ్ కింద కాదు. పైపును కావాలనే టైలు మట్టం కంటే ఎత్తుగా వదిలి, మూతికి బిగుతైన మూత పెట్టాలి. పనివాళ్లు దాంట్లో గోనెగుడ్డ కుక్కుతుంటారు, తీయడం మరిచిపోతే అది లోపలికి జారి బెండ్ దగ్గర ఇరుక్కుంటుంది. గ్రౌట్ కడిగిన నీళ్లు పోతే పైపు అడుగున రాయిలా గడ్డకడతాయి. టైలును పైపు చుట్టూ గుండ్రంగా కోసి దగ్గరగా పరిచాక, లెవెల్ చూసి పైపును అడ్డంగా సమంగా కోయాలి. అంచును ఆకురాయితో నునుపు చేసి, అప్పుడు సొల్యూషన్ రాసి ఫిట్టింగ్ దించాలి. ఎత్తు చాలకపోతే కప్లింగ్ వేసి పైపు ముక్క కలపాలి. మధ్యగీత తేడా ఉంటే దాని కోసమే చేసిన పక్కకు జరిగే కనెక్టర్లు దొరుకుతున్నాయి. ఇదేమీ పెద్ద విద్య కాదు, ముందుగా ఆలోచించడమే.

"రబ్బరు పాడైపోతుందండీ, సిమెంటు శాశ్వతం" అనే వాదం షాపుల్లో తరచు వినిపిస్తుంది. ఈ మాట అనేవాళ్లు తమ భవనం షాఫ్టులోకి ఒకసారి తొంగిచూడాలి. రింగ్‌ఫిట్ పైపులు వాడిన భవనంలో పైనుంచి కిందిదాకా ప్రతి సాకెట్‌లో ఉన్నది రబ్బరు రింగే. పది ఇళ్ల మురుగును మోసే నిలువు పైపులో రబ్బరును నమ్మి, ఒక్క కమోడ్ దగ్గర నమ్మకపోవడంలో అర్థం లేదు. రబ్బరు ఏళ్లు గడిచాక గట్టిపడవచ్చు, ఒప్పుకుంటాను. గట్టిపడ్డ రబ్బరును మార్చుకోవచ్చు. స్క్రూలు విప్పి, కమోడ్ పక్కకు తీసి, కొత్త రింగు వేసి, అదే రోజు మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటు కొట్టిన కమోడ్‌ను తీయాలంటే పింగాణీ పగులుతుంది, కొత్త టైల్స్ లేస్తాయి. "శాశ్వతం" అన్న మాటకు ఆ ఇంట్లో అర్థం, రిపేరుకు కూడా వీలు లేదనే.

అమెరికా ఇళ్లలో పైపు మూతికి ఫ్లాంజ్ అనే వెడల్పు రింగు అతికించి దాన్ని నేలకు స్క్రూలతో బిగిస్తారు. అది పూర్తయిన ఫ్లోరింగ్ మీద కూర్చోవాలి, టైలు కంటే పావు అంగుళం ఎత్తుగా ఉండాలి. దాని మీద మైనం రింగు పెట్టి, రెండు బోల్టులతో కమోడ్‌ను బిగిస్తారు. అక్కడున్న మన పిల్లల్లో కొందరు ఆ కమోడ్‌ను తామే విప్పి, మైనం రింగు మార్చి, మళ్లీ బిగించుకుంటున్నారు. ఇక్కడికి వచ్చి సొంత ఫ్లాటులో పని చేయించేటప్పుడు మాత్రం ఊరంతా ఒక దారి అనుకుని ఊరుకుంటున్నారు. అక్కడా అడ్డదారులు లేకపోలేదు. కొత్త టైల్స్‌తో నేల లేచినప్పుడు ఫ్లాంజ్‌ను పైకి తేవడం మానేసి, రెండు మైనం రింగులు ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్లున్నారు. ఎత్తు తేడాను ఫిట్టింగ్‌తో సరిచేయకుండా మెత్తటి సరుకుతో పూడ్చడమే అదీ. వాళ్లవి ఎక్కువగా చెక్క నేలలు, మనవి కాంక్రీటు. కాబట్టి మైనం రింగే కావాలని నేననను, మన దగ్గర దొరికే రబ్బరు పెదవి ఉన్న కనెక్టరు చాలు. జాయింటు నేల ఎత్తును బట్టి ఉండాలి, విప్పడానికి వీలుండాలి అన్న రెండు నియమాలకు మాత్రం దేశభేదం లేదు.

సిమెంటు లేకపోతే కమోడ్ కదులుతుందన్న భయానికీ జవాబుంది. కమోడ్‌ను నేలకు పట్టి ఉంచాల్సింది స్క్రూలు. అడుగున దానికోసమే రంధ్రాలు ఉంటాయి. టైలు పగులుతుందేమోనన్న భయంతో ఆ రంధ్రాలను వాడకుండా వదిలేసి, ఆ బరువును సిమెంటు మీద వేస్తున్నారు. స్క్రూలు బిగించాక అడుగు చుట్టూ సన్నగా సిలికాన్ పట్టిస్తే బయటి నీళ్లు కిందికి పోవు. వెనకవైపు రెండంగుళాలు సిలికాన్ పెట్టకుండా వదలమంటాను. జాయింటు ఎప్పుడైనా కారితే ఆ తడి అక్కడినుంచి ముందు మన బాత్రూంలోనే బయటపడుతుంది, కింది ఇంటివాళ్ల కంటే ముందు మనకే తెలుస్తుంది.

వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ మీద పెట్టుకున్న నమ్మకం ఇంకో రకం భ్రమ. కెమికల్ పొర ఆపేది నేల మీద పడ్డ నీటిని. కమోడ్ జాయింటు దగ్గర కారే నీరు చాలావరకు నేల మీద పడదు, పైపు పక్క నుంచి దిగుతుంది. ఆ పొరకు అన్నిటికంటే బలహీనమైన చోటు పైపు చుట్టూ ఉండే అంచే. పైపును పొరతో కలిపి ఒక కాలర్‌లా పైకి మలచకపోతే ఆ రంధ్రం దగ్గర పొర లేనట్టే. బాత్రూంలో నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూసే పరీక్ష మంచిదే, తప్పక చేయించాలి. కానీ ఆ పరీక్ష జరిగేటప్పుడు పైపుకు మూత ఉంటుంది, కమోడ్ ఉండదు. అంటే జాయింటు ఒక్కటే పరీక్షకు రాకుండా తప్పించుకుంటోంది. అందుకే కమోడ్ కూర్చోబెట్టిన రోజే, సిలికాన్ పెట్టకముందే, అడుగు చుట్టూ పొడి కాగితం పరిచి, వరసగా ఫ్లష్ చేసి చూడాలి. బకెట్ నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి చూడాలి. కాగితం తడవకపోతేనే ప్లంబర్‌కు మిగతా డబ్బు ఇవ్వాలి.

"మేస్త్రీకి తెలీదా, మనం చెప్పాలా?" అని కొందరంటారు. మేస్త్రీకి టైల్స్ తెలుసు. ప్లంబర్‌కు పైపులు తెలుసు. వాళ్లిద్దరూ ఒకే రోజు ఆ బాత్రూంలో నిలబడరు, అసలు లోపం అక్కడుంది. టైల్స్ మేస్త్రీ వచ్చేసరికి పైపు మూతి ఏ ఎత్తులో ఉండాలో అతనికి ఎవరూ చెప్పరు. ప్లంబర్ వచ్చేసరికి టైలు పడిపోయి ఉంటుంది, పైపు కోసేసి ఉంటుంది, సాయంత్రానికి ఇల్లు అప్పగించాలని కాంట్రాక్టరు తొందర. చేతిలో కనెక్టరు లేదు, కొనమని ఎవరూ అనలేదు. పావుగంటలో ముగించగల మార్గం సిమెంటే. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కొంచెం కొంచెం పంచుకున్న తప్పును ఆ ప్లంబర్ ఒక్కడి మీద వేయడం అన్యాయం. ఇందులో పెద్ద వాటా, టైల్స్‌కు వేలకు వేలు పోసి, కొన్ని వందల రూపాయల ఫిట్టింగ్‌ను మరిచిపోయిన ఇంటి యజమానిది. పైపులు మార్పించేవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. మురుగు పైపులకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 13592. అందులో టైప్ ఎ గాలి గొట్టాలకూ వాన నీటికీ, టైప్ బి మలమురుగుకు. పలచగా ఉండి చవగ్గా దొరుకుతుందని టైప్ ఎ పైపును కమోడ్‌కు వేసేవాళ్లున్నారు. ఆ అక్షరం పైపు మీదే అచ్చువేసి ఉంటుంది, కళ్లతో చూసి ఒప్పుకోండి.

ఇది ఒక్క ఇంటి లోపలి విషయమే అయితే ఇంత గట్టిగా రాయనక్కర్లేదు. మన నేల కింది ఇంటివాళ్ల సీలింగ్. మన కమోడ్ కింద కారేది వాళ్ల నెత్తిమీద పడేది. అసోసియేషన్ మీటింగుల్లో పై ఇల్లూ కింది ఇల్లూ పలకరింపులు మానేసి ఏళ్ల తరబడి కాగితాలు రాసుకోవడం మనం చూస్తున్నదే. "అది స్నానం నీళ్లేనండీ" అని పై ఇంటివాళ్లు అంటుంటే, వంటగదిలోనో పడకగదిలోనో పసుపు మరక చూస్తూ కింది ఇంటివాళ్లు ఏమని నమ్మాలి? చివరికి ఆ సంకెన్ తవ్వాల్సి వచ్చినప్పుడు, మలంతో నానిన ఇటుక ముక్కలను ఉత్త చేతులతో తట్టలకెత్తి మెట్లు దించేది ఎవరో కూడా మనకు తెలుసు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం చేసుకున్న దేశంలో, మన అపార్టుమెంటు మూడో అంతస్తులో ఆ పని పద్ధతి మారలేదు. ఇంటి పనికి మనుషుల్ని పిలుస్తున్నాం కాబట్టి ఆ నిషేధం మనకు వర్తించదని నేననుకోను.

ఆరోగ్యం మాట తీస్తే అతిగా భయపెడుతున్నారంటారు. 2003 మార్చిలో హాంగ్‌కాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో 300 మందికి పైగా సార్స్ బారిన పడ్డారు. అక్కడ దర్యాప్తు చేసినవాళ్లు వేలెత్తి చూపినవాటిలో ముఖ్యమైనది బాత్రూం డ్రైనేజీ. నేల ట్రాపుల్లో నీళ్లు ఎండిపోయి ఉన్నాయి, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు పైపులోని తుంపరలను ఇళ్లలోకి లాగాయి. అక్కడ తెరుచుకున్నది నేల ట్రాపు, కమోడ్ జాయింటు కాదు. కానీ మురుగు పైపుకూ ఇంటి గాలికీ మధ్య అడ్డు తొలగితే ఏమవుతుందో ఆ భవనాలు చూపించాయి. మన బాత్రూముల్లోనూ ఎగ్జాస్ట్ ఫ్యాన్లున్నాయి. సిమెంటు కింద పగిలిన జాయింటు కూడా అలా తెరుచుకున్న దారే, పైగా అది కంటికి కనపడదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు పెద్దలు. టైలు మెరవగానే బాత్రూం పని అయిపోలేదు. మీ ఇంట్లో ఈ పని మొదలవబోతుంటే టైల్స్ మేస్త్రీనీ ప్లంబర్‌నూ ఒకే రోజు ఒకే గంటకు రమ్మనండి. కమోడ్ కొలతల కాగితం వాళ్ల ముందు పెట్టండి. పైపు మూతి ఎక్కడ, ఎంత ఎత్తున ఉండాలో గోడ మీద పెన్సిలుతో గీయించండి. కనెక్టరూ స్క్రూలూ ఆ రోజే కొని ఇంట్లో పెట్టండి. అసోసియేషన్లలో ఉన్నవాళ్లు, బాత్రూం మరమ్మతుకు అనుమతి ఇచ్చేటప్పుడే, కమోడ్ బిగించాక ఫ్లష్ పరీక్షను కింది ఇంటివాళ్ల ఎదుట చేయాలన్న షరతు పెట్టండి. తెల్ల సిమెంటు డబ్బా పట్టుకుని ఎవరైనా కమోడ్ దగ్గరికి వస్తే పని ఆపించండి.